గోనెసంచిలో మొహాలు

కార్డు మీద అంటించిన ఫోటో పీకడానికి ఒక పద్ధతుంది. బ్లేడు తెచ్చి తిన్నగా మూల దగ్గర గీకితే కార్డు చిరిగిపోతుంది. ముందు బొటనవేలు ఫోటో నడిమధ్య పెట్టి గట్టిగా నొక్కాలి. పాత జిగురు ఎండి పెళుసెక్కి ఉంటుంది కనక ఎక్కడో ఒకచోట అంచు లేస్తుంది. లేచినచోట బ్లేడు దూర్చి ఒక్క ఊపున లాగితే చిటుక్కుమని ఊడొచ్చేస్తుంది. దేముడికి రెండో రోజుకే ఈ పని కళ్లు మూసుకుని చేసేటంత అలవాటైపోయింది. కళ్లు మూసుకునే చేశాడు కూడాను. అదే అతని కొంప ముంచింది.

దేముడు పనిచేసేది బోల్టుల ఫ్యాక్టరీలో. జంషెడ్‌పూర్‌లో అలాంటి చిన్న ఫ్యాక్టరీలు బోలెడు, అందులో అదొకటి. వయసులో ఉండగా ఫోర్జింగు షాపులో, ఎర్రగా కాలిన ఇనప ముక్కల్ని సుత్తి మిషను కింద పెట్టే పని చేశాడు. ఆ మిషను ఎడమచేతి రెండు వేళ్లు తినేశాక, తేలికపని అని చెప్పి కాయితాల గదిలో వేశారు. కట్టలు దించడం, ఎక్కించడం, ఎలకలు కొట్టకుండా చూసుకోవడం. మాటలు తక్కువ మనిషి కనక ఆ గదికీ అతనికీ బాగా కుదిరింది.

రెండువేల రెండు చలికాలంలో ఫ్యాక్టరీ చేతులు మారింది. కొత్త యజమానులు వస్తూనే పాత కాయితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి గది ఖాళీ చెయ్యమన్నారు. కలకత్తా కంట్రాక్టరు ఒకడు స్కానర్ తెచ్చి ఆ గదిలోనే బల్ల మీద పెట్టాడు. చూడ్డానికి హార్మణీ పెట్టెలా ఉంటుంది. పైన కాయితాల దొంతి పెడితే ఒక్కొక్కటే లోపలికి లాక్కుని కిందనుంచి కక్కుతుంది. లాక్కున్నదాని బొమ్మ పక్కనున్న కంప్యూటర్ తెర మీద పడుతుంది. బొమ్మ పడ్డాక ఆ కాయితంతో ఇంక పనిలేదు, గోనెలోకి.

దాన్ని నడిపేది సుదీప్ అని, అగ్రికో కాలనీలో ఉండే ఇంజినీరు నారాయణమూర్తిగారి అబ్బాయి. కంప్యూటర్ కోర్సు చేసి ఆ కంట్రాక్టరు దగ్గర చేరాడు. తెలుగువాడే, తెలుగులో ఏం చెప్పినా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో చెప్తాడు. దేముడూ, అతని తోటి పనివాడు బంగారురాజూ చెయ్యాల్సింది ఏమిటంటే, కాయితాలకున్న గుండుసూదులూ స్టేపిల్ పిన్నులూ పీకి, మడతలు సాపుచేసి, దొంతికట్టి అందివ్వడం. ఒక్క పిన్ను లోపలికి పోయిందంటే మిషను అద్దం మీద గీత పడుతుంది. ఆ తరవాత వచ్చే ప్రతి కాయితం మీదా ఆ గీత ఉంటుంది.

అంతవరకూ బాగానే జరిగింది. డిస్పెన్సరీ కార్డులు వచ్చేసరికి మిషను మొరాయించింది. ఎప్పుడో ఎనభైల మొదట్లో, వర్కర్లు ఊళ్లోవాళ్లందర్నీ తెచ్చి నా తమ్ముడు, నా మరదలు అని చెప్పి మందులు తీసుకుపోతున్నారని ఫ్యాక్టరీవాళ్లు ఒక ఏర్పాటు చేశారు. ప్రతివాడూ పెళ్లాం పిల్లల్తో ఫోటో దిగాలి, ఆ ఫోటో అంటించిన కార్డు డిస్పెన్సరీ బీరువాలో ఉంటుంది, కంపౌండరు కార్డులో మొహం చూసుకునే మందిస్తాడు. క్యాంటీను గోడకి తెల్లదుప్పటి కట్టారు. వర్కరు చేతికి పలక ఇచ్చి, దాని మీద సుద్దముక్కతో అతని ఫ్యాక్టరీ టికెట్ నంబరు రాసి, ఒక్కో కుటుంబాన్నీ నిలబెట్టి తీశారు. ఆ ఫోటోలు మందం. కార్డు మిషనులోకి వెళ్లడం, ఫోటో అంచు లోపల రోలరుకి తగులుకోవడం, మిషను కీచుమని ఆగిపోవడం. కంట్రాక్టరు మనిషి వచ్చి చూసి ఫోటోలు పీకి పారెయ్యమన్నాడు. పేరుంది, నంబరుంది, ఇరవై ఏళ్ల కిందటి మొహాలు ఇప్పుడెవరికున్నాయని నవ్వాడు కూడా.

బంగారురాజుకి నోరూరుకోదు. ఒక్కో ఫోటో పీకేముందు దేముడి మొహం దగ్గర పెట్టి ఏదో ఒకటి వాగేవాడు. "ఈడ్ని సూడరా, పెళ్లాం కంటే పలకనే గట్టిగా అట్టుకున్నాడు" అనేవాడు. దేముడు నవ్వేవాడు కాదు, చూసేవాడూ కాదు. నొక్కడం, లాగడం, గోనెలో పడెయ్యడం. సాయంత్రానికి గోనె నిండేది.

దేముడి కాపురం సిద్ధగోరాలో, రెండు గదుల రేకుల ఇల్లు. భార్య సింహాచలమ్మ. అక్క కూతుర్నే చేసుకున్నాడు. ఆమె కళ్లకి నీటికాసుల జబ్బు. ఎడమకన్ను ముందే పోయింది. కుడికన్ను చుట్టూ చీకటి కమ్ముకుంటూ కమ్ముకుంటూ వచ్చి, ఇప్పుడు నడిమధ్య చిన్న కంత మాత్రం మిగిలింది. వెదురుబొంగులోంచి చూసినట్టు చూస్తుంది. కంచం ముందు పెడితే మధ్యనున్న అన్నం ముద్ద కనబడుతుంది, కంచం అంచు కనబడదు. ఆ కంత కూడా మూసుకుపోతుందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ, ఈ చలికాలం దాటితే గొప్పేననీ కంటి డాక్టరు చెప్పేశాడు.

ఆ మాట విన్న రోజు కూడా ఆమె ఏడవలేదు. తడుముకుంటూ పొయ్యి వెలిగించడం, తడుముకుంటూ బియ్యం ఏరడం నేర్చుకుంది. అలాంటి మనిషి ఒకనాటి సాయంత్రం, దేముడు పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాక, పక్కన వచ్చి కూర్చుంది.

"మావా, గుంట మొగం నాకు గేపకం రాటం లేదు" అంది.

ఏ గుంట అని దేముడు అడగలేదు. వాళ్లకి పుట్టింది ఒక్కతే కూతురు. పైడితల్లి అని అమ్మవారి పేరే పెట్టుకున్నారు. ఆరో ఏట, వానాకాలంలో మెదడువాపు జ్వరం వచ్చి పోయింది. ఆ తరవాత ఆమెకి కాన్పు నిలవలేదు.

కళ్లు మూసుకుంటే గౌను కనబడుతోందట, కాళ్లు కనబడుతున్నాయట, మొహం దగ్గరికి వచ్చేసరికి పక్కింటి బీహారీవాళ్ల పిల్ల మొహం వచ్చి కూర్చుంటోందట. చూపు పోయాక ఎలాగూ లోపలున్నవే చూసుకుంటూ బతకాలి కదా, ఆ లోపల కూడా పరాయి పిల్లే ఉంటే ఇంక తను ఎవర్ని చూసుకుని బతకాలని అడిగింది. ఇదంతా ఏడుస్తూ చెప్పలేదు. బియ్యంలో రాళ్లున్నాయని చెప్పినట్టు చెప్పింది.

"ఈ కంత మూసుకుపోకముందు ఒక్కసారి దాని మొగం సూపించు మావా. మరేటీ అడగను."

ఇంట్లో పిల్ల ఫోటో లేదు. ఉండనివ్వలేదు. పసిబిడ్డ పోతే దాని వస్తువు ఒక్కటీ ఇంట్లో ఉంచకూడదని వాళ్ల ఇంటి ఆనవాయితీ. ఉంచితే ఆ బిడ్డ పోలేక, రాలేక నిలబడిపోతుందని అంటారు. అప్పటికి దేముడి తల్లి బతికే ఉంది. గౌన్లూ, గాజులూ, లక్కపిడతలూ, సాక్చీ బజారు స్టూడియోలో తీయించిన ఒక్కగానొక్క ఫోటో, అన్నీ మూటకట్టి కొడుకు చేతిలో పెట్టింది. పిల్లని పాతిపెట్టి వస్తూ దేముడే ఆ మూట సువర్ణరేఖలో వదిలాడు. ఏటి దగ్గరికి ఆడవాళ్లు రారు కనక సింహాచలమ్మ రాలేదు. వచ్చాక ఏం వదిలావని అడగలేదు. ఇన్నేళ్లలోనూ ఆ మూట మాట ఒక్కసారి ఎత్తలేదు.

దారి కూడా ఆమే చెప్పింది.

"డిస్పెన్సరీ కార్డుకి ఫోటో దిగినాం గదా, కేంటీను గోడ కాడ. నువ్వు పలక అట్టుకున్నావు. గుంట మన మజ్జిన నిలబడింది. ఆ కార్డులు ఇప్పుడు నీ గదిలోనే ఉంటాయి గదా మావా."

అలాంటి ఫోటో తనదీ ఒకటి ఉందన్న మాట ఇన్నాళ్లూ దేముడి బుర్రకి తట్టనే లేదు. ఎప్పుడో తీశారు, ఎక్కడో అంటించి పెట్టుకున్నారు, ఇంటికి తెచ్చుకున్న వస్తువు కాదు. పిల్ల పోయాక అతను ఆ డిస్పెన్సరీ గుమ్మం తొక్కలేదు. దెబ్బ తగిలినా బయట కట్టు కట్టించుకున్నాడు గానీ అక్కడికి వెళ్లలేదు. రోజూ వందల కుటుంబాల్ని పీకి గోనెలో వేస్తూ, అందులో తన కుటుంబం కూడా ఉంటుందని అనుకోలేదు.

"ఉంటాయి" అన్నాడు. "తెత్తాను" అని కూడా అన్నాడు.

ఆమె మొహం విప్పారింది. ఆ 'తెత్తాను'ని మింగలేక కక్కలేక దేముడు అలాగే తెల్లవార్చాడు.

మర్నాడు గేటు తియ్యకముందే వెళ్లి నిలబడ్డాడు. గదిలో మిగిలిన కట్టలన్నీ తిరగేశాడు. మిషను షాపుది కొంత ఉంది, పెయింటు షాపుది ఉంది, ప్యాకింగుది ఉంది. ఫోర్జింగుది లేదు. అది మొట్టమొదటే అయిపోయింది. ఆ కట్టలు విప్పింది తనే. తన పాత షాపు కదా అన్న మమకారంతో, బంగారురాజు చేతిలోంచి లాక్కుని మరీ విప్పాడు.

సుదీప్ వచ్చి కంప్యూటర్ పెట్టేదాకా ఆగి, తన కార్డు ఒక్కసారి చూపించమని బతిమాలాడు. సుదీప్ నంబరు అడిగి కొట్టాడు. తెర మీద కార్డు పడింది. ఏ మరకా దాచకుండా, ఏ మడతా దాచకుండా, ఉన్నది ఉన్నట్టు పడింది. దేముడి పేరు, పెళ్లాం పేరు, కూతురి పేరు, వయసు. ఎడంపక్క ఫోటో ఉండాల్సినచోట తెల్లటి గడి. గడి మూలల్లో జిగురు మరకలు.

"ఫోటో ఏదీ?" అన్నాడు దేముడు.

సుదీప్ అతని మొహంలోకి చూసి, కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

"అంకుల్, ఫోటో తో ఆప్ హీ నికాల్‌తే హో" అన్నాడు.

ఫోటోలు తీసేది మీరే కదా అని. ఎగతాళిగా అనలేదు, ఉన్నమాటే అన్నాడు. తరవాత పాపం ఆ కుర్రాడే, స్కాన్ అయిన కార్డునే ఇంకా పెద్దది చేసి చూపించాడు, నలుపు పెంచాడు, తెలుపు తగ్గించాడు. లేనిది ఎలా వస్తుంది. జిగురు మరకలు పెద్దవయ్యాయి, అంతే.

దేముడు తన బొటనవేలు చూసుకున్నాడు. ఎప్పుడు పీకి ఉంటాడు? పొద్దున్నా, మధ్యాహ్నం అన్నం తిన్నాకా? పక్కనుంచి బంగారురాజు ఏదో వాగుతుండగానా? ఎంత తవ్వుకున్నా ఏమీ గుర్తు రాలేదు. ఒక్కటి మాత్రం తెలుసు. నొక్కేది ఫోటో నడిమధ్య. నడిమధ్య నిలబడింది పిల్ల. ఈ వేలు దాని మొహం మీదే పెట్టి నొక్కి ఉంటాడు.

బంగారురాజు వచ్చి, సంగతి విని, ఆవేళ జోకు వెయ్యలేదు. ఫోటోల గోనెలూ కాయితాల గోనెలూ కలిపి సోమవారం టెంపో ఎక్కించారని, జుగ్సలాయిలో చిత్తుకాయితాల గోడౌనుకి వెళ్లాయని చెప్పాడు. చెప్పి, దేముడి భుజం పట్టుకుని గుమ్మంలోకి తోశాడు. "ఎల్లరా. నీ పిన్నులు కూడా నానే పీకుతాను. ఎవులన్నా అడిగితే కడుపునొప్పని సెప్తాను."

జుగ్సలాయి రైలు పట్టాలకి అవతల. సన్నటి రోడ్లు, ఆ రోడ్ల నిండా లారీలు, లారీల సందుల్లో తోపుడుబళ్లు. దేముడు టెంపో మారి, అది కదలకపోతే దిగి, నడిచి, అడుగుతూ అడుగుతూ గోడౌను పట్టుకున్నాడు. లోపల కాయితం మేటలు కప్పుదాకా ఉన్నాయి. బస్తాలు కుదేస్తున్న కూలీల మధ్య గుమాస్తా ఒకడు కూర్చుని టీ తాగుతున్నాడు. ఫోటోలు అనగానే నవ్వాడు. ఫోటో కాయితం మిల్లువాళ్లు తీసుకోరట, నీళ్లలో నానదట, అలాంటివి ఏరి పెరట్లో పారేయిస్తామన్నాడు.

దేముడికి ప్రాణం లేచొచ్చింది. పెరట్లోకి పరిగెత్తాడు.

పెరట్లో చౌకీదారు చలి కాచుకుంటున్నాడు. ముసలివాడు, చెవుల చుట్టూ మఫ్లరు. ఎదురుగా ఇనప బొచ్చెలో మంట. పక్కన సగం ఖాళీ అయిన గోనె. అతను గోనెలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, మంటలో వేశాడు. ఫోటోలు మంటలో పడగానే కాలవు. ముందు దోసిలిలా ముడుచుకుంటాయి, తరవాత నల్లబడతాయి.

దేముడు మంటలో చెయ్యి పెట్టేశాడు. రెండు వేళ్లు లేని చెయ్యే పెట్టాడు. చౌకీదారు ఎవడో పిచ్చివాడనుకుని కర్ర ఎత్తాడు. దేముడికి హిందీ రాకపోవడమేమిటి, ఇన్నేళ్లుగా వీధిలోనూ షాపులోనూ మాట్లాడేది అదే. అయినా ఆ క్షణాన ఒక్క ముక్క నోటికి రాలేదు. "నా గుంట, నా గుంట" అని తెలుగులోనే అన్నాడు. ముసలివాడికి ఏం అర్థమైందో, కర్ర దించి, చెంబులో నీళ్లు మంట మీద పోసేశాడు.

ఇద్దరూ నేల మీద కూర్చుని గోనె కుమ్మరించారు. చౌకీదారు ఒక్కో ఫోటో తీసి ఎత్తి చూపించడం, దేముడు పలక మీద నంబరు చూసి తల అడ్డంగా ఊపడం. ఇన్నాళ్లు చూడని మొహాలన్నీ ఇప్పుడు చూశాడు. నెత్తి మీద వెంట్రుక లేని ఫోర్‌మన్ అందులో గుబురు జుట్టుతో ఉన్నాడు. సుత్తి మిషను దగ్గర తనకి పని నేర్పిన పోలరాజు, కాలం చేసినవాడు, పెళ్లాం పక్కన ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాడు. పోలరాజు దొరకగానే దేముడికి ఆశ పుట్టింది. ఫోర్జింగువాళ్లు ఈ గోనెలోనే ఉన్నారన్నమాట. ఇంకా వేగంగా వెతికాడు. తన నంబరుకి ముందు నంబరువాడు దొరికాడు. తరవాత నంబరువాడూ దొరికాడు. తనది లేదు.

మళ్లీ మొదటినుంచీ వెతికాడు. బొచ్చెలో తడిసిన బూడిద కెలికాడు. సగం కాలిన ముక్కలు కొన్ని వచ్చాయి. ఒకదాంట్లో పలక మూల ఉంది, నంబరు లేదు. ఒకదాంట్లో చిన్న పాదాలు ఉన్నాయి, ఎవరివో తెలీదు. చౌకీదారు తాను నిన్నటినుంచీ కాలుస్తున్నానని మెల్లగా చెప్పాడు. ఆ మాట చెప్పాక అక్కడ కూర్చోలేక లేచి, గేటు దగ్గరికి వెళ్లిపోయాడు.

దేముడు ఫోటోల మధ్య ఒక్కడే మిగిలాడు. ఇంటి దగ్గర ఆమె గుమ్మంలో కూర్చుని ఉంటుంది. తెస్తానన్నాడు. ఒకసారి తీసుకెళ్లి ఏట్లో వేశాడు, ఇప్పుడు పీకి మంటలో వేశాడు, ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? చేతికి అందినవి అందినట్టు తిరగేస్తుంటే ఒక ఫోటో దగ్గర వేళ్లు ఆగాయి. అయిదారేళ్ల ఆడపిల్ల. గళ్ల గౌను, రెండు జడలు. వెనక తల్లి, పక్కన పలకతో తండ్రి. ఎవరో తెలీదు, ఏ షాపువాళ్లో తెలీదు. పైడి కూడా ఇలాగే ఉండేది కాబోలు అనుకున్నాడు. చూస్తున్నకొద్దీ, కాబోలు పోయి, ఇలాగే ఉండేది అనిపించింది. బొంగులోంచి చూసే కళ్లకి ఏం తేడా తెలుస్తుంది? ఒక్కసారి చూసుకుంటుంది. ఆ తరవాత ఆ కంత మూసుకుపోయినా ఫరవాలేదు. ఫోటో జేబులో పెట్టుకున్నాడు.

తిరిగి వస్తుంటే రైలుగేటు పడింది. ఎదర గూడ్సు బండి పోతోంది, ఎంతకీ తెగడం లేదు. దేముడు పక్కకి వెళ్లి, పనికి వాడే బ్లేడు జేబులోంచి తీసి, ఫోటోలోంచి పిల్లని మాత్రం కోశాడు. తల్లి చెయ్యి పిల్ల భుజం మీద ఉంది. చెయ్యి తీసేస్తే భుజం కూడా పోతుందని చేతిని వదిలేశాడు. మిగిలిన ముక్క, ఆ తండ్రీ, ఆ తల్లీ, పలకా, బండి గాలికి వేళ్లలోంచి జారి పట్టాల కిందికి పోయాయి. గేటు లేచింది.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుగుంది. గుమ్మంలోకి నీరెండ పడుతోంది. ఆమె తలదువ్వుకుని, మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని కూర్చుని ఉంది. పండక్కి కూడా ఈమధ్య అలా కూర్చోలేదు. దేముడు ముక్క ఆమె చేతిలో పెట్టి, మిగతాది చెమ్మకి పాడైపోయింది, గుంటనొక్కదాన్నే కోసి తెచ్చేనని, దారిపొడుగునా కూడబలుక్కున్న మాట చెప్పాడు.

ఆమె చేతులు కొంగుకి తుడుచుకుంది. ముక్కని ఎండకి పెట్టి, కంటికి ఆనించినంత దగ్గరగా పట్టుకుంది. అంతా ఒక్కసారి కనబడదు కనక కిందనుంచి మొదలుపెట్టింది.

"జోళ్లు ఏసుకుందేటి?" అంది నవ్వుతూ.

ఫోటో కోసమని ఎవరో ఇచ్చారని చెప్పాడు దేముడు. ఓలమ్మా, నాకు గేపకమే లేదని ఆమె మురిసిపోయింది. గౌను దగ్గరికి వచ్చింది. గళ్లని వేలితో తడిమింది. భుజం దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"ఈ తెల్లగా ఉన్నదేటి మావా?"

దేముడు వంగి చూడబోయేలోగా మళ్లీ ఆమే అంది.

"సెయ్యి గదా ఇది. గుంట బుజం మీద సెయ్యి." ముక్కని ఎండలోకి ఇంకొంచెం తిప్పింది. "శంఖు గాజు ఏసుకున్న సెయ్యి. నాను బెంగాలీదాన్నా?"

ఆమె ఇంకా పైకి వెళ్లింది. రెండు జడలూ కనబడ్డాయి.

"దీనికి జుట్టుందేటి? ఆయేడు సింహాచలం తీసుకెల్లి మనం గుండు గీయించినాం గదా. ఆ గుండుతోనే గదా ఫోటో దిగింది."

దేముడికి ఆ సంగతి గుర్తు లేదు. ఆమె చెప్పాక కూడా గుర్తు రాలేదు. గోడకి చేరబడ్డాడు. పిల్ల గుండుతో ఉందని తెలీని తండ్రి, పలకా నంబరూ లేకుండా దాని మొహమొక్కటే ఆ గోనెలో ఎదురుపడి ఉంటే గుర్తుపట్టేవాడా అన్నది అప్పుడు తట్టింది అతనికి.

ఆమె అరుస్తుందనుకున్నాడు. అరిచినా బాగుండేది. ఆమె ఆ ముక్కని ఒళ్లో పెట్టుకుంది.

"మనది ఏదీ?"

"కాలిపోనాది."

ఆమె ముక్క వెనక ఎండిన జిగురు తడిమింది. "కార్డు నుంచి ఎవులు పీకీసేరు?"

దేముడు బొటనవేలు పిడికిట్లో దాచుకున్నాడు. "ఎవులో" అన్నాడు.

"మరి దీని తల్లినేటి సేసేవు?"

గేటు దగ్గర గాలికి పోయిందని చెప్పాడు. ఆమె కోసిన అంచు మీద గోరుతో మెల్లగా రాసింది. ఆ బెంగాలీ తల్లి ఎక్కడుందో, ఆమెకీ ఇదొక్కటేనేమోనని గొణుక్కుంది. గొణుక్కుని ముక్కని మళ్లీ కంటి దగ్గర పెట్టుకుంది. ఈసారి తన బిడ్డ కోసం చూడలేదు. ఎవరో పిల్లని చూసినట్టు, జాలిగా, ఓపిగ్గా చూసింది.

"నుదురు ఎంత ఎడల్పో సూడు దీనికి. మన గుంటకి..." అని ఆగింది. మళ్లీ అంది. "మన గుంటకి నుదురే లేదు. జుట్టు కళ్లమీదకంటా ఉండీది. మంగలోడు నవ్వినాడు, ఇదేటమ్మా ఎక్కడ ఆపీది అని."

దేముడు తలెత్తాడు.

"దీని కనుబొమ్మలు ఇడివిడిగా ఉన్నాయి. దానివి కలిసిపోయీవి. అమ్మమ్మవే వచ్చినాయి దానికి. ముక్కు ఇలగ కోసుగా ఉండదు, మొన కాడ నొక్కుంటాది, నీకులాగ. నవ్వితే కుడిపక్కకే నవ్వీది, రెండోపక్క కదిలీది కాదు."

కాదు అన్నచోటల్లా ఒక్కో ముక్క పైకి తేలుతోంది. ఆమె ఫోటో దించేసి కళ్లు మూసుకుంది. మాట ఆగలేదు. పై పెదవి మీద ఉయ్యాల బల్ల తగిలిన గీత చెప్పింది. చెవి తమ్మెలు చెప్పింది. ఒక చెవి కంటే ఒక చెవి ముందుకి ఉండేదని, అది నూనె రాసి వెనక్కి నొక్కేదాన్నని చెప్పింది. మొహం తేటగా ఉంది.

"వచ్చీసింది మావా. కనబడతంది. నీకు కనబడతందా?"

దేముడూ కళ్లు మూసుకున్నాడు. గట్టిగా మూసుకున్నాడు. గౌన్లు వచ్చాయి, పలకలు వచ్చాయి, రెండు జడల పిల్లలు, ఒళ్లో పిల్లలు, తెల్లదుప్పటి ముందు బిక్కమొహాలు వరసగా వచ్చాయి. కలిసిన కనుబొమ్మల పిల్ల రాలేదు.

"కనబడతంది" అన్నాడు.

"అయితే సెప్పు. గెడ్డం కింద ఏటుందో సెప్పు."

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆమె మొహం ఇటు తిప్పి, కళ్లు మూసుకునే ఎదురుచూసింది. జవాబు రాకపోతే చెయ్యి చాచి, తడుముకుని, అతని మోకాలి మీద వేసింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"పోన్లే. నాను సెప్తాను, ఇనుకో" అంది.

మళ్లీ నుదుటి దగ్గరనుంచి మొదలుపెట్టింది. నీరెండ గుమ్మం దిగిపోయింది. ఆమెకి కనబడే కాస్త వెలుగూ పోతోందని దేముడు చెప్పబోయాడు. ఆమె మాత్రం కళ్లు తెరవలేదు, తెరిస్తే ఆ మొహం పోతుందేమోనని.